బాగున్న కాలి కొలత

నేను మంచు కురవడం ఇప్పటికీ చూడలేదు. పుట్టి పెరిగింది కాకినాడలో, పధ్నాలుగేళ్ళుగా ఉంటున్నది దోహాలో. మంచు అంటే నాకు తెలిసింది మా క్లినిక్ ఫ్రీజర్‌లో ఉండే ఐస్ ప్యాకులే. అలాంటి నా నెత్తిన, ఇరవై ఆరేళ్ళు మంచు మీదే బతికిన ఒక అమ్మాయి మళ్ళీ కొండెక్కవచ్చో లేదో తేల్చే పని పడింది. తేల్చాను కూడా. మొదటిసారి తప్పుగా తేల్చాను. ఇది రాస్తున్నది ఆ తప్పు గురించే.

నేను ఫిజియోథెరపిస్టుని. అల్ సద్‌లో, మెట్రో దిగి నడిచేంత దూరంలో ఉన్న ఒక చిన్న క్లినిక్‌లో పని. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది శుక్రవారం పూట ఫుట్‌బాల్ ఆడి కాలు మెలిపెట్టుకున్న ఆఫీసు వాళ్ళు. మిగతా సగం నడుములు, భుజాలు. చెప్పిన వ్యాయామం చెయ్యరు, నొప్పి తగ్గలేదని నా మీదే ఎగురుతారు. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది.

ఆ అమ్మాయి ఎండలు ముదిరిన మే నెలలో వచ్చింది. వయసు ముప్ఫై ఒకటి. జనవరిలో వాళ్ళ దేశంలో పోటీకి సాధన చేస్తూ పడిపోతే కుడి మోకాలి లోపల లిగమెంట్ తెగిందట. ఆపరేషన్ అక్కడే అయింది. వాళ్ళక్క, బావ అల్ ఖోర్‌లో ఉంటారు, బావ గ్యాస్ ప్లాంట్‌లో ఇంజనీరు. చూసుకునే మనిషి ఉంటుందని అక్క దగ్గరికి వచ్చేసింది. వారానికి నాలుగు రోజులు, గంట సేపు కారులో మా దగ్గరికి. ఒక్కరోజు ఆలస్యం లేదు. చెప్పిన దానికంటే పది ఎక్కువే చేసేది. పధ్నాలుగేళ్ళలో అలాంటి పేషెంటుని చూడలేదు, అందుకే మొదటి వారంలోనే నాకు తెగ నచ్చేసింది.

తన ఆట గురించి ముక్కలు ముక్కలుగా చెప్పేది, కాలు ఎత్తి పట్టుకుని లెక్కపెట్టే విరామాల్లో. మోగల్స్ అంటారు. వాలుగా ఉన్న కొండ మీద కుండలు బోర్లించినట్టు వరసగా మంచు దిబ్బలుంటాయి. వాటి మధ్య నుంచి స్కీ పలకల మీద మెలికలు తిరుగుతూ దిగాలి. దారిలో రెండు చోట్ల గాల్లోకి ఎగిరి, తిరిగి, మళ్ళీ దిబ్బల మీదే దిగాలి. మొత్తం అర నిమిషం కూడా పట్టదు. ఆ కాసేపూ రెండు మోకాళ్ళూ కలిపి కుట్టినట్టు ఉండాలి, విడిపోతే మార్కులు పోతాయి. అవి దూరం నుంచి జడ్జీలకి కనబడాలని ప్యాంటు మోకాళ్ళ దగ్గర వేరే రంగు గుడ్డ ఉంటుంది.

ఐదో ఏట మొదలుపెట్టిందట. పదిహేడుకి వాళ్ళ దేశం జట్టులోకి వచ్చింది. ప్రపంచ పోటీల్లో రెండుసార్లు మెడలో పతకం పడింది. నాలుగేళ్ళకోసారి వచ్చే పెద్ద పోటీకి ఒకసారి వెళ్ళి, రెండో ఎగురులో పడిపోయింది. ఇంకోసారికి ఎంపికే కాలేదు. ఇప్పుడు రాబోయేది ఆఖరిది. "నేను పోటీల్లో దిగిన సమయమంతా కలిపితే ఒక సినిమా అంత కూడా ఉండదు. జీవితమంతా ఆ సినిమాకే పెట్టాను" అందొకసారి. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా హాల్లో నాకు సహాయంగా ఉండే మనిషి ఒకాయన ఉన్నాడు. నిజామాబాద్ వైపు ముస్లిం, యాభై దాటాడు. నేను భాయ్ అంటాను, ఆయన మేడమ్ అంటాడు. యంత్రాలు సర్దడం, బరువులు మార్చడం, కొలతలు పట్టడం ఆయన పని. అంతకు ముందు పదహారేళ్ళు ఫరీజ్ బిన్ మహమూద్‌లో, ఇప్పుడు మేముండే వీధి పక్కనే, అరబ్బుల పొడుగు అంగీలు, తోబులు, కుట్టే దుకాణంలో దర్జీ. కళ్ళు మందగించాయని ఆ పని మానేశాడు కానీ మెడలో టేపు మానలేదు. ఊళ్ళో వాళ్ళ అమ్మకి ఇప్పటికీ కొడుకు 'దుబాయ్‌ల బట్టలు కుడుతున్నడు' అనే తెలుసు. ఆ అమ్మాయిని 'బర్ఫ్‌వాలీ', అంటే మంచు పిల్ల, అనేవాడు. ఒకరోజు ఆమె తన పోటీ ప్యాంటు తెచ్చి చూపిస్తే, మోకాలి దగ్గర నారింజ రంగు గుడ్డని తిరగేసి కుట్టు చూసి, "మంచిగ కుట్టిండ్రు మేడమ్, గీత తప్పలే" అని మెచ్చుకున్నాడు. నేను ఇంగ్లీషులో చెప్తే ఆమె తెగ సంబరపడింది.

ఆగస్టులో నేను చేసిన పని చెప్పాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళని మళ్ళీ ఆటకి పంపేముందు ఒంటికాలి గెంతు పరీక్ష పెడతాం. మన తొక్కుడుబిళ్ళ లాంటిదే. ఒక కాలి మీద నిలబడి, ముందుకు గెంతి, అదే కాలి మీద దిగి కదలకుండా నిలబడాలి. ఎంత దూరం గెంతారో కొలుస్తాం. బాగున్న కాలితో గెంతిన దూరంలో, కుట్టిన కాలు వందకి తొంభై వంతులైనా అందుకోవాలి. అప్పుడు పాస్. ఆమె అడిగింది, లెక్క ఎలా కడతారని. ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికిందన్న మురిపెంతో కాగితం తీసి గీతలు గీసి చెప్పాను. దేనిని దేంతో భాగిస్తామో, ఎంత వస్తే ఏమవుతుందో అన్నీ. పేషెంటుకి చెప్పకూడని సంగతి ఏదైనా ఉంటే అదే. ఆమె కాగితాన్ని చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకుంది. నాకేం అనుమానం రాలేదు.

పరీక్ష నవంబరులో ఒక బుధవారం. డిసెంబరులో వాళ్ళ పోటీలు మొదలు, సోమవారం విమానం. ఎడమ కాలు, అంటే బాగున్న కాలు, మూడుసార్లు. కుడి కాలు మూడుసార్లు. భాయ్ వంగి కొలిచి చెప్తుంటే నేను రాసుకున్నాను. ఎడమది నూట నలభై ఎనిమిది సెంటీమీటర్లు, కుడిది నూట నలభై ఒకటి. వందకి తొంభై ఐదు! మోకాలు నాదే అయినట్టు ఎగిరి గంతేశాను. అక్కడికక్కడే ఉత్తరం టైపు చేశాను, పోటీలకి తగిన స్థితిలో ఉందని. నా రిపోర్టు మీద నమ్మకంతో మా క్లినిక్ డాక్టరుగారు చదవకుండానే సంతకం పెట్టారు. ఆ అమ్మాయి నన్ను వాటేసుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎన్నో నడుములు సరిచేశాను కానీ, నా చేతుల మీదుగా ఒకరు పెద్ద పోటీకి వెళ్ళడం అదే మొదలు. ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

ఆమె వెళ్ళాక భాయ్ టేపు చుట్టుకుంటూ దగ్గరికొచ్చాడు.

"మేడమ్, ఏమన్న అనుకోకుండ్రి. గా పిల్ల మంచి కాలుతోని సరిగ దుంకలే. దుంకేటప్పుడే ఆపుకున్నది."

"మీరెలా చెప్తారు?"

"కండ్లకు కొడుతుంది కదా. కుట్టిన కాలుతోని దుంకినప్పుడు పండ్లు కొరుక్కున్నది. మంచి కాలుతోని దుంకినప్పుడు మొకంల ఏం లేదు."

ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. ఇది తోబు కుట్టడం కాదని, కొలవడం వరకే మీ పని, చెప్పడం నా పని అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన తడిగుడ్డ పెట్టి బల్లలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అంత పెద్దమనిషిని అన్నందుకు ఇంటికెళ్ళాక సిగ్గేసింది, కానీ ఒప్పుకునే బుద్ధి ఇంకా రాలేదు.

మర్నాడు పొద్దున నేను తలుపు తియ్యకముందే ఆయన వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, మేలో మొదటి వారం నేనే కొలిచిన. మంచి కాలు నూట డెబ్బై ఆరు. యాదికున్నది నాకు. పదహారేండ్లు కొలతలు రాసుకోకుంట కుట్టిన, మరుస్తనా? గప్పుడు డెబ్బై ఆరు దుంకిన కాలు గిప్పుడు నలభై ఎనిమిది ఎట్లయితది? ఏం గోల్‌మాల్ ఉన్నది జర చూడుండ్రి."

ఫైలు తెరిచాను. మొదటి వారం కాగితం అడుగున ఉంది, నా చేతిరాతే. ఎడమ కాలు, నూట డెబ్బై ఆరు. కొత్త పేషెంటు రాగానే బాగున్న కాలు కొలిచి పెట్టుకోమని పాఠం చెప్పేదీ నేనే, చివరికి ఆ కాగితం తిరగెయ్యకుండా ఆ రోజు వచ్చిన అంకెతోనే భాగించిందీ నేనే. నూట నలభై ఒకటిని నూట డెబ్బై ఆరుతో భాగిస్తే వందకి ఎనభై. కుట్టిన కాలు పైకి రాలేదు. బాగున్న కాలు దాని దగ్గరికి దిగింది, లేదా ఎవరో దింపారు. ఆగస్టులో నేను గీసిన గీతలు గుర్తొచ్చాయి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఇచ్చాను. ఆ అమ్మాయిని దొంగ అనడానికి మళ్ళీ నోరు రాలేదు.

ఆ రోజంతా ఎవరికీ చెప్పలేదు. భాయ్‌కి మాత్రం "మీరన్నది నిజమే" అన్నాను. "నా తప్పు. నిన్న అలా అనాల్సింది కాదు" అని కూడా అన్నాను. "ఛోడియే మేడమ్" అని ఊరుకున్నాడాయన. డాక్టరుగారి గది ముందు నుంచి రెండుసార్లు నడిచాను, లోపలికి మాత్రం పోలేదు. పోతే ఆ ఉత్తరం వెంటనే రద్దయ్యేది. నాకు భయంగా ఉంది, ఆమె కోసం కొంత, నా ఉద్యోగం కోసం కొంత. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

శుక్రవారం కారు తీసుకుని అల్ ఖోర్ వెళ్ళాను. దారి పొడుగునా చెప్పవలసింది వల్లించుకున్నాను. వాళ్ళక్క తలుపు తీసి, వీడ్కోలు చెప్పడానికి వచ్చాననుకుని సంతోషంగా లోపలికి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి గదిలో పెట్టె సర్దుకుంటోంది. మంచం మీద ఆ ప్యాంటు పరిచి ఉంది, మోకాళ్ళ దగ్గర నారింజ రంగు గుడ్డలతో. నా చేతిలో మే నెల కాగితం చూడగానే ఆమె ముఖం మారింది. నేను నోరు తెరవక్కర్లేకపోయింది.

"తెలిసిపోయిందా?" అంది.

"ఎందుకు చేశావు?"

"మీరు లెక్క చెప్పారు కాబట్టి. కుడి కాలు ఎంత చేసినా నూట నలభై ఐదు దాటడం లేదు. అక్టోబరు నుంచీ రోజూ ఇంటి వెనక కొలుచుకుంటున్నాను. దాటడం లేదు. ఎడమ కాలుని ఎంతలో ఆపాలో కూడా సాధన చేశాను."

అది వినగానే నా కోపమంతా వచ్చేసింది. "కింద పడితే ఏమవుతుందో తెలుసా? రెండోసారి తెగితే నలభై ఏళ్ళకి మెట్లు పక్కకి తిరిగి దిగుతావు. అది నా ఉత్తరంతో జరగాలా?"

"మోకాలు నాది" అంది.

"అలాంటప్పుడు నా ఉత్తరం ఎందుకు? వెళ్ళి దూకు!"

"ఉత్తరం లేకపోతే కొండ మీదకి రానివ్వరు." మంచం చివర కూలబడింది. "నాకు ఒక్క అర నిమిషం కావాలి. ఒక్కటి. ఆ తర్వాత ఈ మోకాలు ఏమైపోయినా నాకు ఫర్వాలేదు."

నేనూ పక్కన కూర్చున్నాను. ప్యాంటు మీద ఆ గుడ్డని చూస్తూ ఉండిపోయాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోదామా అనిపించింది. ఆమె గెలిస్తే నేనూ గెలిచినట్టే. పడితే కొండ తప్పు, మంచు తప్పు. నన్నెవరూ అడగరు. అక్క బయట నుంచి టీ తాగుతారా అని కేకేసింది.

"ఆదివారం పొద్దున రా. నిజంగా గెంతు, రెండు కాళ్ళతోనూ. తొంభై వస్తే ఈ కాగితం సంగతి నేనే ఎవరికీ చెప్పను. రాకపోతే మధ్యాహ్నానికి డాక్టరుగారికి చెప్తాను" అన్నాను.

తొంభై రాదని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. టీ తాగకుండానే వచ్చేశాను. శనివారమంతా ఫోన్ చూస్తూ గడిపాను, ఏ కబురూ రాలేదు.

ఆదివారం ఎనిమిదింటికి వచ్చింది. అక్క కిందే కారులో ఉండిపోయిందట. హాల్లో నేను, భాయ్, ఆమె. ఇంకా పేషెంట్లు రాలేదు. కిటికీ అవతల ఆఫీసులకి వెళ్ళే టాక్సీలు హారన్లు కొడుతున్నాయి. ఆమె చొక్కా మార్చుకుని, బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకుంది. "ముందు కుడిది" అంది.

కుడి కాలితో మూడుసార్లు గెంతింది. పళ్ళు బిగబట్టి, చేతులు విసిరి, ఉన్నదంతా పెట్టి. మూడోసారి దిగినప్పుడు మోకాలు లోపలికి వంగి, తూలి నిలబడింది. భాయ్ కొలిచి, మడమ దగ్గర నేల మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అతికించాడు. నూట నలభై నాలుగు.

తర్వాత ఎడమ కాలు. గీత దగ్గర నిలబడి కాసేపు నేల వైపే చూసింది. పోటీలో కొండ పైన గేటు దగ్గర అలాగే నిలబడతానని ఒకసారి చెప్పింది. ఊపిరి తీసుకుని గెంతింది.

నేను ఆరు నెలలు ఆ శరీరాన్ని పట్టుకుని పనిచేశాను. ప్రతి కండరం నాకు తెలుసనుకున్నాను. కానీ అలా పైకి లేస్తుందని తెలియదు. అంత ఎత్తుకి లేచి, గాల్లో తొందర లేకుండా ఉండి, ఎక్కడో దూరంగా ఒక్క కాలి మీద దిగింది. దిగి, మేకు దిగేసినట్టు నిలబడిపోయింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. ఇన్నాళ్ళూ నేను చూసింది పేషెంటుని. ఆటగత్తెని చూడడం అదే మొదటిసారి. మళ్ళీ చూడనని కూడా ఆ నిమిషంలోనే తెలిసింది.

"మాషా అల్లా" అన్నాడు భాయ్. కాసేపు కొలవడం మర్చిపోయి, తర్వాత కొలిచి రెండో తెల్ల ముక్క అతికించాడు.

రెండోసారి గెంతనంది. కింద కూర్చుని, రెండు తెల్ల ముక్కల మధ్య నేల మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి పక్కన ఇంకో చెయ్యి పెట్టినా ఆ ఖాళీ నిండలేదు. ఏడవలేదు. నేనే అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

బుధవారం ఇచ్చిన ఉత్తరం సంచిలోంచి తీసి తనే నా చేతిలో పెట్టింది. డాక్టరుగారికి జరిగింది చెప్పి, నా తప్పు కూడా చెప్పి, వాళ్ళ దేశం జట్టు వాళ్ళకి కొత్త ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ అనవసరం, తినవలసినవే తిన్నాను. ఈ సీజనుకి తగదు. వందకి ఎనభై. ఆ రెండు ముక్కలూ రాసేసరికి ఇరవై ఆరేళ్ళు అయిపోయాయి. వచ్చే ఏడాదికి జట్టులో ఆమె చోటు ఉండదని ఆమే చెప్పింది. నేను టైపు చేస్తుంటే పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తోంది.

"అందులో ఎడమ కాలు ఎంతో ఉందా?" అని అడిగింది.

మా ఉత్తరాల్లో అది ఉండదు. కుట్టిన కాలు వందకి ఎంత అన్నదే రాస్తాం. బాగున్న కాలి కొలత ఎవరికీ అక్కర్లేదు. అదే చెప్పాను.

"అది కూడా రాయండి. ఎక్కడో ఒకచోట ఉండాలి" అంది.

సరేనని భాయ్‌ని కేకేశాను. ఆయన వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, నేల మీద గుర్తు దగ్గర మెడలో టేపు తీసి ఇంకోసారి కొలిచాడు. లేచి నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు.

"నూట డెబ్బై తొమ్మిది, మేడమ్. నూట ఎనభై అని రాయుండ్రి. ఒక్క సెంటీమీటరే కదా, పోనీయ్‌రి. పిల్ల ఖుషీ అయితది."

ఆమె ఆయనేమన్నాడని అడిగింది. ఇంగ్లీషులో చెప్పాను. ఆమె భాయ్ వైపు చూసి గుండె మీద చెయ్యి పెట్టుకుంది, ఇక్కడి వాళ్ళని చూసి నేర్చుకున్నట్టుంది. తర్వాత నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది.

"వద్దు. నూట డెబ్బై తొమ్మిదే రాయండి" అంది.